చెక్క పాడాలి, పెట్టె వూరుకోవాలి

మన వూళ్లలో ఏ శుభకార్యానికైనా పురోహితుడి కంటే ముందు దిగేవాడు మైకుసెట్టువాడు. పందిరి గుంజలు పూర్తిగా పాతకముందే వేపచెట్టు కొమ్మకి గొట్టం కట్టేస్తాడు. "హలో... మైక్ టెస్టింగ్... వన్ టూ త్రీ" అని మంగళాచరణం చదివేస్తాడు. ఆ తరువాత మోగే సన్నాయి ఎంత బాగుందీ అన్నది ఎవరికీ పట్టదు. పక్కవూరికి వినిపించిందా లేదా అన్నదే లెక్క. వినిపించిందంటే పెళ్లి ఘనంగా జరిగినట్టే.

ఇలాంటి గడ్డ మీద పుట్టినవాడు, ఒక తీగల వాయిద్యానికి ఆంప్లిఫయరు ఎలా ఎంచుకోవాలి అనే విషయం మీద కలం పట్టడం కొంచెం సాహసమే. అందులోనూ నేను చెప్పబోయేది, మంచి ఆంప్లిఫయరు గుర్తు అది అక్కడున్నట్టు తెలియకపోవడమే అని. మైకుసెట్టువాడు వింటే నవ్విపోతాడు. పాఠకులు మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

నాకు గిటారు వాయించడం రాదు. వినడం వచ్చు. విమర్శకుడికి ఆ మాత్రం అర్హత చాలునని మన సాహిత్య విమర్శకులు ఏనాడో రుజువు చేశారు గదా!

గిటార్లలో ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి ఎలక్ట్రిక్ గిటారు. సాధారణంగా దాని వొళ్లంతా గట్టి చెక్క. కరెంటు లేనప్పుడు అది తీగలు బిగించిన పీట. దానికి ఆంప్లిఫయరు అంటే సగం శరీరం. గొంతూ, ముక్కూ, ఏడుపూ, అరుపూ అన్నీ ఆ పెట్టెలోనే తయారవుతాయి. రెండోది అకూస్టిక్ గిటారు, లోపల బోలుగా, పొట్ట మీద గుండ్రని కన్నంతో వుండేది. మన వీణకి కుండ ఎలాంటిదో దీనికి ఆ పొట్ట అలాంటిది. తీగ కదిలితే పైచెక్క కదులుతుంది, పైచెక్క కదిలితే లోపలి గాలి కదులుతుంది, ఆ గాలి కన్నంలోంచి వచ్చి మన చెవిని పలకరిస్తుంది. ఇందులో ఎవరి సహాయమూ అక్కరలేదు. నలుగురు కూర్చున్న గదిలో దీనికంటే సుఖమైన వాయిద్యం తక్కువ.

చిక్కల్లా నలుగురు నలభైమంది అయినప్పుడు వస్తుంది. నలభైమంది కాఫీ తాగుతూ, చెంచాలు మోగిస్తూ, ఫోనులో మాట్లాడుతూ వుంటే పాపం ఆ పైచెక్క ఏం చెయ్యగలదు? అప్పుడు పెట్టె కావాలి. ఏ పెట్టె?

ఇంట్లో అన్నగారి ఎలక్ట్రిక్ గిటారుకి కొన్న పెట్టె ఒకటి వుంటే, "ఇదుంది గదా, మళ్లీ ఖర్చెందుకు?" అనే పెద్దమనుషులు ప్రతి ఇంట్లోనూ వుంటారు. వాళ్ల పొదుపుని నేను గౌరవిస్తాను గాని ఈ ఒక్క విషయంలో ఒప్పుకోను. ఎలక్ట్రిక్ గిటారు పెట్టెలో మామూలుగా 10 అంగుళాలదో 12 అంగుళాలదో ఒక పెద్ద స్పీకరు వుంటుంది. సెకనుకి 5000 కంపనాలు దాటిన శబ్దాన్ని అది బాగా తగ్గించేస్తుంది. కావాలనే అలా చేస్తారు, ఆ గిటారు గరగరని మెత్తబరచడానికి. కాని అకూస్టిక్ గిటారు నాజూకంతా ఆ పైనే వుంది. గోరు తీగని తాకిన క్షణం, వేలు తీగ మీద జారినప్పుడు వచ్చే సన్నని రాపిడి, రెండు తీగలు కలిసి మెరిసే మెరుపు, ఇవన్నీ అక్కడివే. ఆ పెట్టెకి తగిలిస్తే మంచి గాత్రం వున్నవాడు ముసుగుతన్ని పాడినట్టుంటుంది.

అందుకని అకూస్టిక్ గిటారు కోసం వేరే జాతి పెట్టెలు తయారుచేశారు. ఇవి చూపుకి గిటారు ఆంప్లిఫయర్లే గాని, గుణంలో ఇంట్లో పాటలు వినే హైఫై సెట్టుకి దగ్గర చుట్టాలు. చాలావాటిలో ఒక మోస్తరు స్పీకరూ, సన్నని శబ్దాలకి ఇంకో చిన్న స్పీకరూ వుంటాయి. పాడేవాడి కోసం మైకు తగిలించే కన్నం కూడా తరచు వుంటుంది. ఇచ్చినదాన్ని ఇచ్చినట్టు పెద్దది చేసి వప్పజెప్పడం వీటి ధర్మం. ఆ ధర్మాన్ని ఎంతవరకు పాటిస్తున్నాయన్నదే మన విమర్శకి విషయం.

అయితే ఇచ్చేదెవరు? ఇక్కడ ఒక మధ్యవర్తి వున్నాడు. వాడి సంగతి చెప్పుకోకుండా పెట్టెని తిట్టడం అన్యాయం.

చెక్కలోని కదలికని కరెంటుగా మార్చే సాధనాన్ని పికప్ అంటారు. ఎక్కువ గిటార్లలో అది బ్రిడ్జి కింద దాక్కుని వుంటుంది. వీణ మీద గుర్రం అంటామే, ఆ స్థానంలో వుండేదే బ్రిడ్జి. దాని మీద ఎముకతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పలచని బద్ద వుంటుంది. ఆ బద్ద కింద సన్నని పట్టీలాగా ఈ పికప్ వుంటుంది. నొక్కితే కరెంటు పుట్టించే పదార్థంతో చేసింది ఇది. మీ వంటింట్లో గ్యాసు స్టవ్ వెలిగించే టిక్కు టిక్కు లైటరు వుంది చూశారూ, అందులో నిప్పురవ్వ పుట్టేదీ ఈ సూత్రం మీదే. దీని పేరు పీజో. చవక, నమ్మకం, గోలలో కూడా పనిచేస్తుంది. దోషం ఏమిటంటే, ఇది గిటారుని దాని పాదాల దగ్గర కూర్చుని వింటుంది. పొట్టలోని గాలి పాడే పాట దీనికి చాలావరకు తెలియదు. గట్టిగా మీటితే "క్వాక్" మని బాతు అరిచినట్టు ఒక శబ్దం చేస్తుంది. గిటారువాళ్లే దానికి బాతుకూత అని పేరు పెట్టుకున్నారు. పేరు నేను పెట్టింది కాదు.

కన్నానికి అడ్డంగా బిగించే అయస్కాంతపు పికప్ ఇంకో రకం. శబ్దం వెచ్చగా వుంటుంది గాని వుక్కు తీగలుంటేనే పలుకుతుంది. నైలాను తీగలు బిగించిన గిటారు దగ్గర మౌనవ్రతం. మూడోది పొట్టలో అమర్చే చిన్న మైకు. నిజం చెప్పేది అదే, కొంప ముంచేది కూడా అదే. ఎందుకు ముంచుతుందో తరువాత చెబుతాను.

మా మేనల్లుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, ఆదివారం సాయంత్రాలు ఒక కాఫీ హోటలులో గిటారు వాయిస్తాడు. పాత సినిమా పాటల వరసలు, వేళ్లతో, నెమ్మదిగా. పాడడు. అది వాడి సుగుణాల్లో ఒకటి. కిందటేడు వాడు పెట్టె కొనుక్కోవడానికి బయలుదేరుతూ, "మావయ్యా, నువ్వూ రా. నీకు గిటారు రాదు గనక నువ్వు సరిగ్గా వింటావు" అన్నాడు. ఇది పొగడ్తో, ఎత్తిపొడుపో తేల్చుకునేలోపలే ఆటో ఎక్కించేశాడు.

దుకాణం పేరు అనవసరం. లోపల అప్పటికే ముగ్గురు కుర్రాళ్లు మూడు గిటార్ల మీద మూడు శృతుల్లో యుద్ధం చేస్తున్నారు. కొట్టు అబ్బాయి మమ్మల్ని చూసి, "అంకుల్, ఇది చూడండి, 120 వాట్లు. దాని పక్కది 60 వాట్లే" అన్నాడు. ఆ 'మాత్రమే'లోని ఈసడింపు చూడాలి! చిన్న వుద్యోగం చేసే పెళ్లికొడుకు గురించి పెళ్లిళ్ల పేరయ్య మాట్లాడినట్టుంది.

ఈ వాట్ల వ్యవహారం ఒకటి తేల్చుకుందాం. 60 వాట్ల పెట్టె స్థానంలో, మిగతావన్నీ సమానంగా వుండి, 120 వాట్ల పెట్టె పెడితే రెట్టింపు మోగుతుందని చాలామంది నమ్మకం. మోగదు. పెరిగేది 3 డెసిబెల్సు. అంటే జాగ్రత్తగా వింటే "కాస్త పెరిగినట్టుంది సుమా" అనిపించేటంత. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదిరెట్లు వాట్లు కావాలి, అంటే 600. మన చెవి ఆ విధంగా తయారైంది, అమ్మకందారు బిల్లు ఈ విధంగా తయారైంది. నలభైమంది పట్టే గదికి 30 నుంచి 60 వాట్లు ధారాళంగా సరిపోతాయి. మైదానంలో నాలుగువందల మందికి వాయించాలంటే 120 కూడా చాలదు. అప్పుడు చెయ్యవలసిందల్లా, పెట్టె వెనకాల డి.ఐ. అనే కన్నం వుందేమో చూసుకుని, అందులోంచి ఒక తీగ లాగి సభవారి మైకుసెట్టుకి తగిలించడం. ఆ కన్నం లేని పెట్టె కచేరీలకు పోయేవాడు కొనకూడదు. ఇది మాత్రం వాట్ల కంటే వందరెట్లు ముఖ్యం.

మా వాడు దుకాణం గిటారు పుచ్చుకోలేదు. తన గిటారే మోసుకొచ్చాడు. అది వాడి బుద్ధిమంతనం. కొత్త తీగలు బిగించి తళతళలాడే దుకాణం గిటారు మీద ఏ పెట్టె అయినా ముద్దొస్తుంది. ఇంటికెళ్లాక మన గిటారుతో కాపరం చెయ్యవలసింది కదా!

నేను ఒక చిన్న పరీక్ష పెట్టాను. గిటారువాడికి వీపు తిప్పి, కాస్త దూరంగా, గోడకేసి చూస్తూ నిలబడ్డాను. మా వాడు ఒకే వరసని ఒకసారి పెట్టె లేకుండా, ఒకసారి పెట్టెతో, తన ఇష్టం వచ్చిన క్రమంలో వాయించాలి. శబ్దం కొంచెమే పెంచాలి, గిటారు అసలు గొంతు కంటే ఒక మెట్టు పైకి, అంతే. ఏది ఏదో నేను చెప్పాలి. మొదటి పెట్టె దగ్గర కళ్లు మూసుకుని చెప్పగలిగాను. తగిలించగానే గిటారు గదిలోంచి లేచిపోయి టెలిఫోనులోకి వెళ్లింది. రెండోదాంట్లో ఏమీ వాయించకపోయినా సన్నగా "స్స్..." మని ఆవిరి పోతున్న చప్పుడు. మూడోదాని దగ్గర, లావు తీగ ఒక్కటి మీటి వదిలేస్తే, ఆ నాదం తగ్గి తగ్గి ఎక్కడ ఆగిందో నాకు అంతుపట్టలేదు. మళ్లీ వాయించమన్నాను. మళ్లీ అంతే. "ఇప్పుడు పెట్టె వుందా?" అన్నాను. "ఉంది మావయ్యా, ఇందాకట్నించీ వుంది" అన్నాడు.

ఆ మూడోది 60 వాట్లదే.

ఇక్కడే ఒక సంగతి జరిగింది, దాని కోసమే ఈ వ్యాసం రాస్తున్నానని చెప్పాలి. మా వాడు పెట్టె తీసేసి వుత్త గిటారు మీద అదే వరస వాయించాడు. కొట్టు అబ్బాయి, తను కూడా గిటారు వాయించేవాడేనట, మొహం చిట్లించి, "ఇప్పుడు ఏదో తగ్గింది అన్నా. డల్‌గా వుంది. సౌండులో షార్ప్‌నెస్ లేదు" అన్నాడు.

ఇరవై ఏళ్ల కుర్రాడు. చెవుల్లో ఏ దోషమూ లేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గిటారుని స్పీకర్లలోంచే విన్నాడు. కాలేజీ వార్షికోత్సవాల్లో, చర్చి కూటాల్లో, టీవీ పోటీల్లో, ఫోనులో. వాడికి బాతుకూతే గిటారు గొంతు. చెక్క తన సొంత గొంతుతో పలికితే అది వాడికి జలుబు చేసిన గిటారు. పొడిపాలు తాగి పెరిగిన పిల్లాడికి పొదుగు దగ్గర పాలు ఇచ్చి, "ఇదేం వాసన?" అనిపించుకున్నట్టుంది. తప్పు వాడిది అనను. వాడికి అంతవరకు వినిపించినవాళ్లు ఎవరో పెట్టె ఎంచుకుని వుంటారు గదా, ఎంచుకున్నప్పుడు ఎవరూ గోడకేసి తిరిగి నిలబడి వుండరు.

దీనికి ఒక ఎదురువాదం వుంది. దాన్ని దాచిపెట్టి వ్యాసం ముగిస్తే గెలిచినట్టే వుంటుంది గాని న్యాయం కాదు.

మా అక్కయ్య వీణ వాయించేది. వీణకి కాంటాక్టు మైకు తగిలించవచ్చునా కూడదా అని మన సభల్లో, పత్రికల్లో జరిగిన కలహాలు పెద్దవాళ్లకి జ్ఞాపకం వుండే వుంటాయి. "వీణ గిటారులా మోగుతోంది" అని ఒక పక్షం. "గమకం చివరి అంచు ఆఖరి వరసకి వినిపిస్తోంది, అది చాలదా?" అని ఇంకో పక్షం. మా అక్కయ్య మొదటి పక్షం. కాని ఆమె కూడా ఒకటి ఒప్పుకునేది. మైకు వచ్చాక మీటు తేలికపడింది. గట్టిగా మీటనక్కరలేదు గనక ఎడమచేతికి తీరిక దొరికింది, ఒక మీటు మీద నాలుగు స్వరాలు లాగే వెసులుబాటు వచ్చింది. అంటే పెట్టె శబ్దాన్ని పెంచి వూరుకోలేదు, వాయించే పద్ధతినే మార్చింది.

ఇంకా పెద్ద సాక్షి మన పాలకొల్లు వాడే. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో పుట్టాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధన వుత్సవాల్లో మొదటి కచేరీ చేశాడు. మామూలు మాండొలిన్ నాదం చిటుక్కున పుట్టి చిటుక్కున పోతుంది. మన రాగానికి స్వరం నిలబడాలి, వూగాలి, జారాలి. దానికి ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టాడు. మొదట్లో సంప్రదాయజ్ఞులు నొసలు చిట్లించినా, 2014లో ఆయన పోయినప్పుడు ఆ వాయిద్యం కర్ణాటక సంగీతంలో ఎవరూ ప్రశ్నించని సభ్యురాలు. అక్కడ పెట్టె వూరుకోలేదు. పాడింది. పాడాలనే దాన్ని తెచ్చాడు.

పాశ్చాత్యుల దగ్గర కూడా ఇలాంటి కథలున్నాయి. పొట్టలో మైకు కొంప ముంచుతుందని ఇందాక అన్నాను గదా, అది ఇలా జరుగుతుంది. స్పీకరులోంచి వచ్చిన శబ్దం వెళ్లి గిటారు పైచెక్కని కదిలిస్తుంది. ఆ కదలికని పికప్పో మైకో పట్టి మళ్లీ స్పీకరుకి ఇస్తుంది. అత్త మాట కోడలికి, కోడలి మాట అత్తకి చేరవేసే పక్కింటావిడలాగ, ఒక్కొక్క చుట్టుకీ కాస్త కాస్త కలుస్తూ పోయి, చివరికి ఇల్లంతా ఒకటే హోరు. దీన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. బోలు గిటారుకి ఈ పీడ ఎక్కువ. పొట్టలోని గాలి దాదాపు సెకనుకి 100 కంపనాల దగ్గర తనంతట తాను వూగడానికి సిద్ధంగా వుంటుంది. ఊళ చాలాసార్లు అక్కడే మొదలు. 1964 అక్టోబరులో లండనులో బీటిల్స్ బృందంవాళ్లు 'ఐ ఫీల్ ఫైన్' అనే పాట రికార్డు చేస్తున్నప్పుడు, జాన్ లెనన్ తన గిబ్సన్ గిటారుని ఆంప్లిఫయరుకి ఆనించాడు. పికప్ బిగించిన అకూస్టిక్ గిటారు అది. ఊళ పుట్టింది. ఇంకొకరైతే గబగబా పరుగెత్తి మీట తిప్పేవారు. వాళ్లు ఆ వూళనే పాట మొదట్లో పెట్టి రికార్డు విడుదల చేశారు. దోషం అలంకారమైపోయింది.

అంతకంటే సరదా అయిన కథ 1993ది. అమెరికా టెలివిజనులో 'అన్‌ప్లగ్డ్' అనే కార్యక్రమం 1989 నుంచి వచ్చేది. తీగ పీకేసిన సంగీతం అని దాని అర్థం. రోజూ గోలగోలగా వాయించే బృందాలు చెక్క గిటార్లు పట్టుకుని నెమ్మదిగా వాయించాలి. ఆ నవంబరు 18న న్యూయార్కులో నిర్వాణ బృందం వంతు వచ్చింది. కర్ట్ కోబేన్ చేతిలో 1959 నాటి మార్టిన్ గిటారు. ఆంప్లిఫయరు లేకుండా వాయించనంటే వాయించనన్నాడు. నిర్మాత ఏం చేశాడంటే, ఆ ఆంప్లిఫయరు ముందు ఒక తొడుగు కట్టించి, అది వేదిక మీద వుండే మామూలు మానిటర్ పెట్టెలాగ కనిపించేటట్టు చేశాడు. అంటే తీగ పీకేసిన కచేరీలో తీగ వుంది, పెట్టె వుంది, పెట్టెకి మేలిముసుగు కూడా వుంది! ఆ గిటారు 2020లో వేలంలో 60 లక్షల డాలర్లకి పోయింది. ఆ కచేరీ వింటే మెత్తటి పాటల మధ్య అక్కడక్కడ గిటారు గొంతు జీరపోతుంది. ఆ జీర లేకపోతే ఆ పాటలకి ఆ దిగులు వచ్చేది కాదని నా అభిప్రాయం.

మరి ఇవన్నీ ఒప్పుకుంటూ, వూరుకునే పెట్టె కావాలని నేనెందుకు పట్టుబడుతున్నట్టు? శ్రీనివాస్‌కి గాని, లెననుకి గాని, కోబేనుకి గాని చెక్క గొంతు ఏమిటో తెలుసు. తెలిసి, ఇంకో గొంతు కావాలనుకున్నారు. కొట్టు అబ్బాయికి ఆ అవకాశం రాలేదు. మా వాడు వాయించేది పాత పాటల వరసలు, వేళ్ల చివర్ల పని. వాడి కచేరీకి వచ్చే నలభైమందిలో నలుగురైనా జీవితంలో మొదటిసారి గిటారుని దగ్గరగా వింటారు. వాళ్లకి మొదట చెక్క గొంతే వినిపించాలి. జీర తరువాత ఎలాగూ దొరుకుతుంది.

ఇక పేర్ల సంగతి అడుగుతారని తెలుసు. జర్మనీ వాళ్ల ఏ.ఇ.ఆర్. కాంపాక్ట్ 60 అనేది ఈ రంగంలో అగ్రతాంబూలం పుచ్చుకునే పెట్టె. 60 వాట్లు, ఒకే ఒక్క 8 అంగుళాల స్పీకరు, ఆరున్నర కిలోల బరువు. ఆస్ట్రేలియా విద్వాంసుడు టామీ ఇమాన్యుయేల్ ఏళ్ల తరబడి వాడిన కంపెనీ అదే. చూడ్డానికి నల్లటి టిఫిను డబ్బాలా వుంటుంది, ధర మాత్రం టిఫిను డబ్బాది కాదు. అమెరికావాళ్ల ఫిష్‌మన్ లౌడ్‌బాక్స్ మినీ కూడా 60 వాట్లే. ఆరున్నర అంగుళాల స్పీకరు ఒకటి, అంగుళం ట్వీటరు ఒకటి. మధ్యతరగతి కచేరీకి మర్యాదగా నప్పుతుంది. జపానువాళ్ల రోలాండ్ ఏసి-33 అనేది 8 పెన్సిలు బ్యాటరీల మీద కూడా నడుస్తుంది. కరెంటు మీద 30 వాట్లు, బ్యాటరీల మీద 20. వీధి చివర వాయించేవాడికీ, కరెంటు పోయే వూళ్లో వున్నవాడికీ ప్రాణమిత్రుడు. అది గిటారుని కాస్త అలంకరించి పంపుతుంది. కోరస్ అనే మీట తిప్పితే ఒక గిటారు రెండైనట్టుంటుంది. ఆ మీట జోలికి తరచు పోవద్దని నా మనవి. కూరలో ఇంగువ వెయ్యవచ్చు, ఇంగువలో కూర వెయ్యకూడదు.

అమెరికాలో వున్న బావమరిది సెలవులకి వస్తూ తెస్తానన్నాడా? తెమ్మనండి, కాని ముందు పెట్టె వెనకాల అంకెలు చదివి చెప్పమనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. రెండింటికీ తట్టుకునేదైతే "100-240" అని రాసి వుంటుంది. లేకపోతే దానికి తోడుగా ట్రాన్స్‌ఫార్మరు కొనాలి. మరిచిపోయి తిన్నగా తగిలిస్తే, బావమరిది కానుక ఒక్క క్షణం ఎంతో ప్రకాశవంతంగా వెలుగుతుంది.

ఇంకో మాట నవ్వులాట లేకుండా చెబుతాను. ప్లగ్గుకి వుండే మూడో కాలు, ఎర్తు పిన్ను, పాత ఇళ్ల గోడల్లో చాలాచోట్ల వుత్త అలంకారం. లోపల తీగే వుండదు. పెట్టె "గుయ్" మంటూ, తీగల మీద చెయ్యి వెయ్యగానే ఆ గుయ్ మారితే మొదట అనుమానించవలసింది ఎర్తునే. రొద పోవడానికి ఆ మూడో కాలు విరిచేసే ఘనులున్నారు. 1972లో వేల్సులోని స్వాన్సీలో లెస్ హార్వీ అనే గిటారు వాద్యకారుడు ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని వేదిక మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఒక చేత్తో తీగలు పట్టుకుని పెదవులు మైకుకి ఆనించేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పెట్టె కొన్న రోజే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ మూడో కన్నం పరీక్ష చేయించడానికి అయ్యే ఖర్చు ఒక జత తీగల ఖరీదు.

పెట్టె ఎక్కడ పెట్టాలన్నది కూడా ఎంపికలో భాగమే. నేల మీద, గోడమూలకి నెట్టి పెడితే లావు శబ్దాలు వుబ్బిపోతాయి, అంతమంచి పెట్టె కూడా డప్పులా పలుకుతుంది. ఒక కుర్చీ మీద పెట్టి, వాయించేవాడికి కాస్త పక్కగా, స్పీకరు గిటారు పొట్టలోకి తిన్నగా చూడకుండా వుంచితే వూళ సగం తగ్గుతుంది. మిగతా సగానికి గిటారు కన్నానికి బిగించే రబ్బరు మూత దొరుకుతుంది. కొన్ని పెట్టెలకి నాచ్ అనే మీట వుంటుంది. ఊళ ఎక్కడ పుడుతుందో ఆ ఒక్క శబ్దాన్ని మాత్రం కత్తిరిస్తుంది. దాన్ని నెమ్మదిగా తిప్పాలి, రేడియోలో సిలోన్ స్టేషను వెతికినట్టు.

మా వాడు ఆ మూడో పెట్టే కొన్నాడు. రెండు వారాల తరువాత ఫోను చేసి, "మావయ్యా, పెట్టె చెడిపోయినట్టుంది. శబ్దం పీలగా, గరగరగా వస్తోంది" అన్నాడు. గిటారు లోపల, పికప్ తాలూకు చిన్న ప్రీఆంప్లిఫయరుకి, 9 వోల్టుల బ్యాటరీ ఒకటి వుంటుంది. అది చచ్చేముందు ఇలాగే గొంతు మారుస్తుంది. తీగ తగిలించి వుంచినంతసేపూ, వాయించినా వాయించకపోయినా, అది ఖర్చవుతూనే వుంటుంది. "రాత్రిళ్లు తీగ పీకి పడుకుంటున్నావురా?" అని అడిగాను. కాసేపు జవాబు రాలేదు. తరువాత డ్రాయరు సొరుగు లాగుతున్న చప్పుడు వినిపించింది.